కాలుష్య నియంత్రణ బోర్డుకు నిధులు, రాష్ట్ర శాసనసభ బాధ్యత: తరచుగా అడిగే ప్రశ్నలు

బడ్జెట్ సమావేశాలు మొదలైనప్పుడు, ఏదైనా కర్మాగారంలో ప్రమాదం జరిగినప్పుడు, చెరువులో చేపలు చచ్చి తేలినప్పుడు కాలుష్య నియంత్రణ మండలి గురించి దాదాపు ఒకే రకమైన సందేహాలు తిరిగి వస్తుంటాయి. దానికి డబ్బు ఎవరిస్తారు, అందులో శాసనసభ చేయగలిగింది ఎంత, వచ్చిన డబ్బుకు లెక్క ఎవరు అడగాలి అన్నవే వాటిలో ముఖ్యమైనవి. శాసన మండలితో కలగాపులగం కాకుండా ఇక్కడ కాలుష్య నియంత్రణ మండలిని అంతటా ‘బోర్డు’ అనే రాశాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్ననే విడిగా చదువుకోవచ్చు.

## చట్టం పునాది

బోర్డు కూడా ప్రభుత్వ శాఖే కదా, దానికి విడిగా నిధి ఎందుకు?

బోర్డు ప్రభుత్వ శాఖ కాదు. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 4వ సెక్షన్ కింద ఏర్పడిన చట్టబద్ధ సంస్థ అది. తన పేరు మీద ఆస్తి కలిగి ఉండవచ్చు, కోర్టులో దావా వేయవచ్చు, ఎదుర్కోవచ్చు. ప్రభుత్వ శాఖ ఖర్చంతా రాష్ట్ర సంచిత నిధి (ప్రభుత్వ రాబడి చేరే ప్రధాన ఖాతా) నుంచి నేరుగా సాగుతుంది. బోర్డుకు మాత్రం అదే చట్టం 37వ సెక్షన్ సొంత నిధిని ఏర్పరచింది. ప్రభుత్వం ఇచ్చే మొత్తాలు, రుసుములు, గ్రాంట్లు, విరాళాలు అన్నీ ఆ నిధిలోనే జమ కావాలి, చెల్లింపులన్నీ దానిలోంచే జరగాలి. మునిసిపాలిటీ మురుగునీటిపైనా, ప్రభుత్వరంగ విద్యుత్ కేంద్రం పొగపైనా చర్య తీసుకోవలసిన సంస్థ ప్రతి చిన్న ఖర్చుకూ ప్రభుత్వ సంతకం కోసం ఎదురుచూడవలసి వస్తే ఆ చర్య ఎలా సాగుతుందో ఊహించడం కష్టం కాదు. విడి నిధి అవసరం అక్కడే ఉంది.

చట్టం పార్లమెంటు చేసింది కదా, ఇందులో మన శాసనసభకు పనేముంది?

నీరు రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాకు చెందిన విషయం. అందుకే పార్లమెంటు తనంతట తానుగా జల చట్టం చేయలేకపోయింది. 252వ అధికరణం ప్రకారం కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి కోరిన తరువాతే 1974లో ఆ చట్టం వచ్చింది. మిగిలిన రాష్ట్రాలు తరువాత తీర్మానాల ద్వారా దాన్ని స్వీకరించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బోర్డు 1976లో ఏర్పడింది, రాష్ట్ర విభజన తరువాత 2014లో తెలంగాణకు విడిగా బోర్డు వచ్చింది. వాయు కాలుష్య చట్టం దారి వేరు. 1972 స్టాక్‌హోం ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు నిర్ణయాల అమలు కోసమంటూ 253వ అధికరణం కింద పార్లమెంటు 1981లో దాన్ని నేరుగా చేసింది.

డబ్బు విషయంలో శాసనసభ పాత్రను జల చట్టం 35వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ద్రవ్య వినిమయానికి (సంచిత నిధి నుంచి డబ్బు తీసి ఖర్చు చేయడానికి) అనుమతి ఇచ్చిన తరువాత, రాష్ట్ర ప్రభుత్వం తనకు అవసరమని తోచినంత మొత్తాన్ని ఏటా బోర్డుకు ఇవ్వవచ్చు. ఇక్కడ గమనించవలసింది ‘ఇవ్వవచ్చు’ అన్న మాటను. ఇచ్చి తీరాలని గాని, కనీసం ఇంత ఇవ్వాలని గాని చట్టం అనలేదు. ఆ మాటకు వస్తే, ఒక్క రూపాయి కూడా ఇవ్వని సంవత్సరంలో ప్రభుత్వం ఈ సెక్షన్‌ను ఉల్లంఘించినట్టు కాదు.

అయితే శాసనసభే ఆ సెక్షన్‌ను సవరించి ‘ఏటా ఇంత ఇవ్వాలి’ అని రాయకూడదా?

కుదరదు. 252వ అధికరణం రెండవ క్లాజు ఆ దారిని మూసివేసింది. ఆ అధికరణం కింద పార్లమెంటు చేసిన చట్టాన్ని, అది వర్తించే రాష్ట్రం తన సొంత చట్టంతో సవరించజాలదు, రద్దు చేయజాలదు. సవరణ మళ్లీ పార్లమెంటు ద్వారానే రావాలి, దాన్ని కూడా రాష్ట్రాలు తీర్మానంతో స్వీకరించాలి. తమ పరిధిలోని విషయంపై చట్టం చేయమని కోరిన రాష్ట్రాలు, కోరిన తరువాత ఆ చట్టంపై చేయి వేయలేని స్థితి ఇది. జల చట్టాన్ని ముట్టుకోకుండా రాష్ట్రం తన సొంత పన్ను అధికారంతోను, ఆర్థిక ప్రక్రియతోను చేయగలిగిన ఏర్పాట్లు మాత్రం మిగిలే ఉన్నాయి.

2024లో వచ్చిన జల చట్టం సవరణ అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుందా?

దానంతట అది వర్తించదు. హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్ శాసనసభల తీర్మానాల ఆధారంగా పార్లమెంటు దాన్ని 2024 ఫిబ్రవరిలో ఆమోదించింది. మొదట ఆ రెండు రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. తక్కిన ఏ రాష్ట్రంలోనైనా అమలు కావాలంటే ఆ రాష్ట్ర శాసనసభ తీర్మానం చేయాలి. పలు ఉల్లంఘనలకు జైలు శిక్ష స్థానంలో 10,000 రూపాయల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టడం, రాష్ట్ర బోర్డు అధ్యక్షుల నియామక విధానాన్ని కేంద్రం నిర్దేశించగలగడం ఇందులోని పెద్ద మార్పులు. స్వీకరణ తీర్మానం సభ ముందుకు వచ్చినప్పుడు చర్చ ఎక్కువగా శిక్షల చుట్టే తిరుగుతుంది. ఆ జరిమానా సొమ్ము రాష్ట్ర బోర్డుకు రాదన్న సంగతిని కూడా సభ్యులు అప్పుడే పరిశీలించాలి, ఎందుకంటే తీర్మానం ఆమోదం పొందాక రాష్ట్రం దాన్ని సొంతంగా మార్చుకోజాలదు.

## రాబడి మార్గాలు

బోర్డు ఖాతాలోకి డబ్బు ఏయే దారుల్లో వస్తుంది?

ప్రధానంగా పరిశ్రమలు చెల్లించే సమ్మతి రుసుముల ద్వారా. పరిశ్రమ నెలకొల్పే ముందు స్థాపన సమ్మతి, ఉత్పత్తి మొదలుపెట్టే ముందు నిర్వహణ సమ్మతి తీసుకోవాలి. పరిశ్రమల వాళ్లు, బోర్డు కార్యాలయాల్లోని వాళ్లు వీటినే సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అంటారు. రుసుము సాధారణంగా పెట్టుబడి మొత్తాన్ని బట్టి, కాలుష్య తీవ్రతను సూచించే ఎరుపు, నారింజ, ఆకుపచ్చ వంటి వర్గాల్లో పరిశ్రమ ఏ వర్గంలో ఉందన్న దాన్ని బట్టి, సమ్మతి ఎన్నేళ్లకన్న దాన్ని బట్టి మారుతుంది. వీటికి తోడు ప్రయోగశాల పరీక్షల రుసుములు, వ్యర్థాల నిర్వహణ నియమాల కింద అనుమతుల రుసుములు, బ్యాంకు డిపాజిట్లపై వడ్డీ, కేంద్ర పథకాల కింద వచ్చే సొమ్ము, రాష్ట్ర ప్రభుత్వం ఇస్తే దాని గ్రాంటు ఉంటాయి.

రుసుము ఎంతన్నది బోర్డు సొంతంగా నిర్ణయించుకునేది కాదు. దరఖాస్తుతో పాటు ‘నిర్దేశించిన’ రుసుము చెల్లించాలని చట్టం చెబుతుంది, నిర్దేశించే అధికారం నియమాలు చేసే రాష్ట్ర ప్రభుత్వానిది. కాబట్టి ఏళ్ల తరబడి రేట్లు మారకపోతే ఆ ప్రశ్నను సభలో మంత్రిని అడగడమే సబబు.

ఏ పరిశ్రమల నుంచి రుసుము తీసుకుంటుందో ఆ పరిశ్రమలనే బోర్డు నిష్పక్షపాతంగా తనిఖీ చేస్తుందా?

ఈ ప్రశ్న అడిగేవారి అనుమానం సహేతుకమే, కానీ తప్పు రుసుములో లేదు. కాలుష్యం చేసేవారే దాన్ని అదుపు చేసే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996 నుంచి మన చట్టంలో భాగంగానే గుర్తించింది. ఆ సూత్రం ప్రకారం పర్యవేక్షణ ఖర్చును ప్రజలందరి పన్నుల నుంచి కాకుండా పరిశ్రమల నుంచే రాబట్టడం న్యాయమే.

చిక్కు రుసుము దేనికి ముడిపడి ఉందన్న దానిలో ఉంది. సమ్మతి ఇచ్చినప్పుడు డబ్బు వస్తుంది. తనిఖీ చేసినప్పుడు, నమూనా తీసినప్పుడు, మూసివేత ఉత్తర్వు ఇచ్చినప్పుడు, ఆ ఉత్తర్వును హైకోర్టులో సమర్థించుకున్నప్పుడు డబ్బు ఖర్చవుతుంది. రాబడి అంతా అనుమతుల వైపు, ఖర్చంతా అమలు వైపు ఉన్న సంస్థ, ఎవరి దురుద్దేశమూ లేకపోయినా, క్రమంగా అనుమతుల కార్యాలయంగా మారిపోతుంది. దీనికి మందు రుసుము ఎత్తివేయడం కాదు. రుసుముతో సంబంధం లేని కొంత స్థిరమైన గ్రాంటు శాసనసభ ద్వారా రావాలి, దాన్ని ప్రత్యేకంగా తనిఖీలకు, ప్రయోగశాలలకు, న్యాయ వ్యవహారాలకు కేటాయించాలి. బోర్డు దగ్గర డబ్బు బాగానే ఉంది కదా, గ్రాంటు దేనికని ఆర్థిక శాఖలు అడిగే ప్రశ్నకు కూడా జవాబు ఇదే. ఎంత ఉందన్నది కాదు, ఎక్కడి నుంచి వస్తోందన్నదే ఇక్కడ లెక్క.

ఒకప్పుడు నీటి సెస్సు ఉండేది కదా, అది ఏమైంది?

బోర్డుల వనరులు పెంచే ఉద్దేశంతోనే పార్లమెంటు 1977లో నీటి సెస్సు చట్టం చేసింది. కొన్ని రకాల పరిశ్రమలు, స్థానిక సంస్థలు వాడుకున్న నీటి పరిమాణాన్ని బట్టి సెస్సు చెల్లించేవి. ఆ మొత్తం కేంద్ర సంచిత నిధికి వెళ్లి, పార్లమెంటు అనుమతి తరువాత రాష్ట్ర బోర్డులకు తిరిగి పంపిణీ అయ్యేది. 2017 జులై 1న జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు అనేక సెస్సులతో పాటు దీన్నీ రద్దు చేశారు. ఈ సెస్సుకు ఒక సుగుణం ఉండేది. అది కొత్త అనుమతుల సంఖ్యపై కాక నీటి వాడకంపై ఆధారపడేది. అది పోవడంతో బోర్డులు రుసుములపై మరింతగా ఆధారపడ్డాయి.

పరిశ్రమలకు వేసే జరిమానాలన్నీ బోర్డుకే వెళ్తాయా?

వెళ్లవు. 2023 నాటి జన విశ్వాస్ చట్టం ద్వారా వాయు కాలుష్య చట్టంలోను, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంలోను జైలు శిక్షల స్థానంలో ప్రవేశపెట్టిన జరిమానాలు, 2024 సవరణ వర్తించే చోట జల చట్టం కింద వేసే జరిమానాలు, పర్యావరణ పరిరక్షణ నిధిలో జమ అవుతాయి. ఆ నిధి కేంద్ర చట్టం కింద ఏర్పడినది. కోర్టు విధించే జుల్మానా ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించే మొత్తాలు ఎక్కడ జమ కావాలో ఆ ఆదేశంలోనే ఉంటుంది. 2020 మే 7న విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో విషవాయువు లీకైన మరునాడు ట్రిబ్యునల్ ఆదేశించిన 50 కోట్ల రూపాయల తాత్కాలిక డిపాజిట్‌ను జిల్లా మేజిస్ట్రేటు వద్ద కట్టమన్నారు, బోర్డు వద్ద కాదు.

పర్యావరణ పరిహారం అని వసూలు చేస్తారు కదా, దానితో ఉద్యోగుల జీతాలు ఇవ్వవచ్చా?

పరిహారం స్వభావానికి అది విరుద్ధం. పాడైన నేలను, నీటిని, గాలిని తిరిగి బాగుచేయడానికి, నష్టపోయిన వారికి ఊరట కలిగించడానికి వసూలు చేసే సొమ్ము అది. దాన్ని లెక్కించడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు రూపొందించిన సూత్రంలో పరిశ్రమ కాలుష్య సూచిక, ఉల్లంఘన జరిగిన రోజులు, పరిశ్రమ పరిమాణం, అది ఉన్న ప్రదేశం వంటివి లెక్కకు వస్తాయి. ఇలాంటి పరిహారం విధించే అధికారం బోర్డులకు ఉందా అన్న వివాదానికి సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 4న జవాబిచ్చింది. జల చట్టం 33ఎ, వాయు చట్టం 31ఎ సెక్షన్ల కింద పునరుద్ధరణ కోసం నష్టపరిహారం విధించే అధికారం ఉందని, అయితే తగిన నియమాలు రూపొందించి, సహజ న్యాయ సూత్రాలు (అవతలి పక్షం వాదన వినడం వంటివి) పాటించి దాన్ని వినియోగించాలని చెప్పింది.

జీతాలకు, భవనాలకు పరిహారం సొమ్ముపై ఆధారపడటం మొదలైతే, ఉల్లంఘనలు తగ్గిన ఏడాది బోర్డుకు నష్టం వచ్చినట్టవుతుంది. అది ఎవరూ కోరదగిన ఏర్పాటు కాదు. ఈ సొమ్మును విడి ఖాతాలో ఉంచి, ఏ ప్రాంతం నుంచి వసూలైంది, ఏ పనికి ఖర్చయింది అన్న వివరాలు వార్షిక నివేదికలో చూపితే చాలా అనుమానాలు తీరతాయి.

కేంద్రం నుంచి ఏమీ రాదా?

వస్తుంది, కానీ ఎక్కువగా ఫలానా పనికని ముడిపెట్టి వస్తుంది. నదులు, చెరువుల నీటి నాణ్యత పరిశీలన, గాలి నాణ్యత కేంద్రాల నిర్వహణ, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం వంటివి ఇందుకు ఉదాహరణలు. 15వ ఆర్థిక సంఘం హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి పది లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు గాలి నాణ్యత కోసం సిఫారసు చేసిన గ్రాంట్లు స్థానిక సంస్థల కోసం ఉద్దేశించినవి. వాటిని బోర్డు రాబడిగా లెక్కవేయడం పొరపాటు.

బోర్డు అప్పు తీసుకోవచ్చా?

ప్రభుత్వ సమ్మతితో తీసుకోవచ్చు. జల చట్టంలో 1988లో చేర్చిన 37ఎ సెక్షన్ రుణాలు, బాండ్లు, డిబెంచర్ల ద్వారా డబ్బు సమకూర్చుకునే వీలు కల్పించింది. ప్రయోగశాల భవనానికైతే అప్పు అర్థమవుతుంది గాని, రోజువారీ తనిఖీ ఖర్చుకు అప్పు దారి కాదు.

## శాసనసభలో

రాష్ట్ర బడ్జెట్‌లో బోర్డు గ్రాంటు ఎలా ఆమోదం పొందుతుంది?

202వ అధికరణం కింద ప్రభుత్వం వార్షిక ఆర్థిక నివేదికను సభ ముందు ఉంచుతుంది. బోర్డుకు ఇచ్చే గ్రాంటు ఏదైనా ఉంటే అది పర్యావరణ వ్యవహారాలు చూసే శాఖ పద్దులో (ఖర్చుకు సభ అనుమతి కోరే అభ్యర్థనలో), సంస్థలకు సహాయక గ్రాంట్ల కింద కనిపిస్తుంది. 203వ అధికరణం ప్రకారం ఆ పద్దుపై శాసనసభ ఓటు వేస్తుంది. తరువాత 204వ అధికరణం కింద ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. అది చట్టమైతేనే సంచిత నిధి నుంచి డబ్బు బయటకు తీయడానికి వీలవుతుంది. బోర్డుకు ప్రత్యేకంగా ఒక నిధుల బిల్లు రాదు. మొత్తం రాష్ట్ర ఖర్చుకు వచ్చే బిల్లులో అది ఒక చిన్న పంక్తి, చాలాసార్లు చర్చ లేకుండానే గడిచిపోయే పంక్తి. కాబట్టి ఆ పంక్తి కోసం వెతకవలసింది బడ్జెట్ ప్రసంగంలో కాదు, శాఖల వారీ పద్దుల సంపుటాల్లో.

మా ఎమ్మెల్యే ఆ కేటాయింపును పెంచమని సవరణ ప్రతిపాదించవచ్చా?

ప్రతిపాదించలేరు. పద్దును ఆమోదించడానికి, తిరస్కరించడానికి, తగ్గించడానికి మాత్రమే సభకు అధికారం ఉంది. పెంచే అధికారం లేదు, ఎందుకంటే గవర్నరు సిఫారసు లేకుండా ఏ పద్దునూ కోరరాదని 203వ అధికరణమే చెబుతుంది. అయినా సభ్యులకు ఉపయోగపడే సాధనం ఒకటుంది, అది కోత తీర్మానం. నామమాత్రపు మొత్తం తగ్గించాలని ప్రతిపాదించి, ఆ నెపంతో బోర్డులో ఖాళీలు, మూతబడిన ప్రయోగశాలలు, ఆగిపోయిన గ్రాంటు గురించి మంత్రి చేత సభలో సమాధానం చెప్పించవచ్చు. తీర్మానం ఓడిపోయినా మంత్రి చెప్పిన మాట సభా కార్యక్రమాల నమోదులో నిలుస్తుంది, మరుసటి ఏడాది దాన్ని ఎత్తిచూపవచ్చు.

ప్రైవేటు సభ్యుడి బిల్లు ద్వారా బోర్డుకు నిధి ఏర్పాటు చేయవచ్చా?

ప్రవేశపెట్టడమే కష్టం. కొత్త పన్ను విధించే బిల్లును, సంచిత నిధిపై ఖర్చును భారితం చేసే (ఏటా సభ ఓటు అవసరం లేకుండా చేసే) బిల్లును 207వ అధికరణం ప్రకారం గవర్నరు సిఫారసు లేకుండా ప్రవేశపెట్టకూడదు. నిధి నుంచి ఖర్చు అవసరమయ్యే ఇతర బిల్లులను ప్రవేశపెట్టవచ్చు గాని, ఆ సిఫారసు లేకుండా సభ వాటిని ఆమోదించకూడదు. గవర్నరు మంత్రివర్గ సలహా మేరకు నడుచుకుంటారు కనుక ప్రభుత్వం ఒప్పుకోనిదే ఇది సాగదు.

శాసన మండలి అడ్డుపడితే?

ద్రవ్య వినిమయ బిల్లు ద్రవ్య బిల్లే, దాన్ని మండలి ఆపజాలదు. 198వ అధికరణం ప్రకారం 14 రోజుల్లో సిఫారసులతోనో, లేకుండానో తిప్పి పంపాలి. వాటిని శాసనసభ అంగీకరించవచ్చు, తోసిపుచ్చవచ్చు.

ప్రతి ఏటా ప్రభుత్వ దయ మీద ఆధారపడకుండా శాశ్వత ఏర్పాటు ఏదైనా ఉందా?

రెండు దారులున్నాయి, రెంటినీ జల చట్టాన్ని సవరించకుండానే చేపట్టవచ్చు.

మొదటిది భారిత వ్యయం. హైకోర్టు న్యాయమూర్తుల జీతాల వంటి కొన్ని ఖర్చులను రాజ్యాంగమే సంచిత నిధిపై భారితం చేసింది. వాటిపై సభలో చర్చ జరగవచ్చు గాని ఓటింగు ఉండదు. 202వ అధికరణం మూడవ క్లాజు చివరి భాగం ప్రకారం, రాష్ట్ర శాసనసభ కూడా చట్టం ద్వారా ఏ ఖర్చునైనా అలా భారితమైనదిగా ప్రకటించవచ్చు. బోర్డు ప్రయోగశాలలకు, తనిఖీ సిబ్బందికి అయ్యే కనీస వ్యయాన్ని ఈ పద్ధతిలో ప్రకటిస్తే, సంవత్సరాంతపు సర్దుబాట్లలో దాన్ని కోసివేయడం కష్టమవుతుంది. కాగితం మీద ఇది బలమైన రక్షణ. కానీ ఓటు లేకుండా పోయే ఖర్చులను పెంచుకుంటూ పోవడం సభ తన అధికారాన్ని తానే వదులుకోవడం కూడా. అందువల్ల మొత్తం ఖర్చుకు కాకుండా కనీస భాగానికే దీన్ని పరిమితం చేయడం మంచిదని మా అభిప్రాయం.

రెండవది రాష్ట్ర సెస్సు. రాష్ట్ర జాబితాలోని విషయాలపై రాష్ట్రం సొంత సెస్సు విధించవచ్చు. గోవా 2013లో కాలుష్య కారక ఉత్పత్తులపై హరిత సెస్సు చట్టం చేసింది. అయితే సెస్సు వసూలు కావడమూ బోర్డుకు చేరడమూ ఒకటి కాదు. వసూలైన సొమ్ము ముందు సంచిత నిధికి వెళ్లాలి, అక్కడి నుంచి ద్రవ్య వినిమయ చట్టం ద్వారానే బయటకు రావాలి. ఏ పేరుతో వసూలు చేశారో ఆ పనికే బదిలీ చేయాలని, బదిలీ కానప్పుడు కారణాలు సభ ముందుంచాలని చట్టంలోనే రాయకపోతే, సెస్సు మరో సాధారణ పన్నుగా మిగిలిపోతుంది.

## కేటాయింపు తరువాత

బడ్జెట్‌లో మొత్తం చూపించారు, కానీ బోర్డుకు చేరలేదంటున్నారు. అదెలా?

కేటాయింపు వేరు, విడుదల వేరు. ద్రవ్య వినిమయ చట్టం ఖర్చుకు అనుమతి ఇస్తుందే తప్ప ఖర్చు చేసి తీరాలని ఆదేశించదు. ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, శాఖ పరిపాలనా అనుమతి ఇవ్వాలి, ఖజానాలో బిల్లు పాసు కావాలి. వీటిలో ఏది ఆగినా మార్చి 31తో ఆ అనుమతి మురిగిపోతుంది. కొన్నిసార్లు సొమ్ము పీడీ ఖాతాకు (ఖజానాలోనే సంస్థ పేరిట ఉండే డిపాజిట్ ఖాతాకు) జమైనట్టు పుస్తకాల్లో కనిపిస్తుంది గాని దాన్ని వాడుకునే వీలుండదు. అందుకే సభలో అడిగే ప్రశ్న ‘ఎంత కేటాయించారు’ అన్న దగ్గర ఆగకూడదు. విడుదలైనది ఎంత, బోర్డు నిధిలో జమైనది ఎంత, ఏ తేదీన అని మూడూ విడివిడిగా అడిగితేనే జవాబు పనికొస్తుంది.

బోర్డు దగ్గర మిగులు ఉంటే ప్రభుత్వం దాన్ని ఖజానాకు మళ్లించుకోవచ్చా?

జల చట్టం 37వ సెక్షన్ ప్రకారం బోర్డు తన నిధిని ఆ చట్టం కింద తన విధుల కోసం, అలాగే అమలులో ఉన్న వాయు కాలుష్య చట్టం కింద విధుల కోసం ఖర్చు చేయవచ్చు. ప్రభుత్వ ఇతర పథకాలకు ఆ సొమ్ము ఇవ్వవచ్చని చట్టంలో ఎక్కడా లేదు. మరోవైపు, ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు బోర్డు కట్టుబడి ఉండాలని 18వ సెక్షన్ అంటుంది. ఒత్తిడి వచ్చేది ఈ సందులోంచే. మా అవగాహనలో ఆదేశమిచ్చే అధికారం చట్టం విధించిన ఖర్చు పరిధిని దాటజాలదు. ఇలాంటి మళ్లింపు జరిగిందన్న అనుమానం ఉంటే మొదట చూడవలసింది బోర్డు ఆడిట్ నివేదికలోని డిపాజిట్లు, రుణాలు, బదిలీల పట్టికలను.

మిగులు పేరుకుపోవడం కూడా గొప్ప విషయమేమీ కాదు. పని చేయవలసిన సంస్థ దగ్గర డబ్బు నిద్రపోతోందంటే పని జరగడం లేదన్నమాట.

డబ్బు ఉన్నా పోస్టులు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయి?

నియామకం డబ్బుతో తేలే విషయం కాదు కనుక. జల చట్టం 12వ సెక్షన్ ప్రకారం సిబ్బంది నియామక పద్ధతి, సర్వీసు షరతులపై బోర్డు చేసుకునే నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదిస్తే గాని అమలులోకి రావు. ఆచరణలో కొత్త పోస్టుల మంజూరుకు, ఖాళీల భర్తీకి కూడా ఆర్థిక శాఖ అనుమతి కావాలి. జీతం బోర్డు నిధి నుంచే వెళ్లినా, ఖజానాకు భారం లేకపోయినా, దస్త్రం ఆ బల్ల మీదే ఆగుతుంది. దేశవ్యాప్తంగా రాష్ట్ర బోర్డుల్లో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నట్టు కేంద్ర బోర్డు హరిత ట్రిబ్యునల్ ముందుంచిన లెక్కలు చూపాయి. బోర్డు అధ్యక్షులు, సభ్యుల అర్హతలపై స్పష్టమైన నియమాలు చేయాలని సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది.

ఒక పర్యావరణ ఇంజినీరు కింద వందలాది పరిశ్రమలు ఉన్నప్పుడు తనిఖీ సంతకానికే పరిమితమవుతుంది. నిధుల గురించి మాట్లాడే ప్రతి చర్చలోను మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, ఒప్పంద పద్ధతిలో ఉన్నవి అన్న మూడు అంకెలు పక్కన పెట్టుకోకపోతే ఆ చర్చ సగమే.

బోర్డు తన బడ్జెట్‌కు ప్రభుత్వ ఆమోదం పొందాలా?

జల చట్టం 38వ సెక్షన్ చెప్పింది ఇంతే: వచ్చే ఆర్థిక సంవత్సరానికి అంచనా రాబడి, ఖర్చు చూపుతూ నిర్ణీత నమూనాలో బడ్జెట్ తయారు చేసి, దాని ప్రతులను రాష్ట్ర ప్రభుత్వానికి పంపాలి. పంపాలని ఉంది గాని, ఆమోదం పొందాలని ఆ సెక్షన్‌లో లేదు.

## లెక్కలు, నివేదికలు

బోర్డు వార్షిక నివేదిక ఎప్పటిలోగా సభకు రావాలి?

ఆర్థిక సంవత్సరం ముగిసిన నాలుగు నెలల్లో, అంటే జులై చివరికి, బోర్డు దాన్ని ప్రభుత్వానికి పంపాలి. తొమ్మిది నెలల్లో, అంటే డిసెంబరు చివరికి, ప్రభుత్వం దాన్ని శాసనసభ ముందు ఉంచేలా చూడాలి. జల చట్టం 39వ సెక్షన్ విధించిన ఈ గడువులు ఐచ్ఛికం కావు. డబ్బు ఇవ్వడాన్ని ప్రభుత్వ ఇష్టానికి వదిలిన చట్టం, లెక్క చెప్పడాన్ని మాత్రం వదలలేదు. అయినా రెండు మూడేళ్ల నివేదికలు కట్టగట్టి ఒకేసారి సభ ముందుకు వస్తే, వాటిని చదివి బడ్జెట్ పద్దుపై ప్రశ్న వేసే అవకాశం సభ్యులకు పోయినట్టే. ఆలస్యానికి కారణాల ప్రకటన కోరడం, సభకు సమర్పించిన పత్రాలను పరిశీలించే కమిటీ దృష్టికి తీసుకువెళ్లడం సభ్యుల చేతిలో ఉన్న మార్గాలు.

ఆడిట్ ఎవరు చేస్తారు? కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నేరుగా చేస్తుందా?

జల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కంపెనీల ఆడిటరుగా పనిచేయడానికి అర్హత గల వ్యక్తిని కాగ్ సలహాపై రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. పుస్తకాలు, వోచర్లు, పత్రాలు చూపమని అడిగే హక్కు, కార్యాలయాలను తనిఖీ చేసే హక్కు ఆ ఆడిటరుకు ఉన్నాయి. నివేదిక అందిన తరువాత వీలైనంత త్వరగా ప్రభుత్వం దాన్ని శాసనసభ ముందు ఉంచాలి. వార్షిక నివేదికకు ఉన్నట్టుగా దీనికి నెలల గడువు లేకపోవడం చట్టంలోని ఒక లోపం. కాగ్ తన చట్టబద్ధ అధికారాల కింద బోర్డుల పనితీరుపై విడిగా కూడా పరిశీలన జరపగలదు, అలాంటి నివేదికలు ప్రజా పద్దుల కమిటీ ముందుకు వెళ్తాయి.

ఇవన్నీ సామాన్యుడు ఎలా సంపాదించాలి?

బోర్డు సమాచార హక్కు చట్టం కింద ప్రజాధికార సంస్థ. ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం తన బడ్జెట్, ప్రతిపాదిత ఖర్చులు, చేసిన చెల్లింపుల నివేదికలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టాలి, జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తులో ‘నిధుల వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే జవాబు కూడా అంతే అస్పష్టంగా వస్తుంది. ఫలానా ఆర్థిక సంవత్సరానికి జల చట్టం 38వ సెక్షన్ కింద పంపిన బడ్జెట్ ప్రతి, 40వ సెక్షన్ కింద ఆడిట్ నివేదిక ప్రతి, సమ్మతి రుసుముల మొత్తం, పర్యావరణ పరిహారం ఖాతా నిల్వ, రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు జమైన తేదీలు అని పత్రాల పేర్లతో అడగాలి. బోర్డు ప్రధాన కార్యాలయం ఇవ్వకపోతే అదే బడ్జెట్ ప్రతిని ప్రభుత్వంలోని పర్యావరణ శాఖ నుంచి కోరవచ్చు, ఎందుకంటే చట్టం ప్రకారం అది అక్కడ కూడా ఉండి తీరాలి.

బోర్డు తన పని చేయకపోతే ప్రభుత్వం రద్దు చేయవచ్చా?

విధుల నిర్వహణలో బోర్డు పదే పదే విఫలమైతే, లేదా ప్రజాహితం దృష్ట్యా అవసరమైతే, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి జల చట్టం 62వ సెక్షన్ కింద ఏడాదికి మించకుండా బోర్డును పక్కన పెట్టవచ్చు. ఆ కాలంలో దాని అధికారాలను ప్రభుత్వం నిర్ణయించిన వ్యక్తులు నిర్వహిస్తారు. బోర్డు విఫలమైందని చెప్పే ఉత్తర్వు ఎప్పుడైనా వస్తే, ఆ ఏడాది బోర్డు కోరిన గ్రాంటు ఎంత, అందినది ఎంత, భర్తీకి అనుమతి అడిగిన పోస్టులు ఎన్ని, అనుమతి వచ్చినవి ఎన్ని అన్న వివరాలను కూడా సభ ముందుంచమని సభ్యులు కోరాలి.